ఎడమదిక్కు గుంజుతది

ఫ్రేనీ మేడం బండి తెచ్చిన దినం
ముషీరాబాద్ మొత్తం ముసురు.
రెండే సీట్లు, మడిచే టాపు, పాత ఎంజీ,
బాగ పండిన రేగుపండు రంగు.
"బ్రేకు వదిలినంక గూడ ఎడమదిక్కు గుంజుతది ఐలయ్యా,
బంజారా హిల్స్ దిగేదాక స్టీరింగుతోని కుస్తీ."
ఆమెకు డెబ్బై రెండు.
కుస్తీ అంటె నవ్వొచ్చింది, ఆపుకున్న.

ముందుగాల చెయ్యి పెట్టిన.
చక్రాన్ని ముట్టలే, దగ్గర పెట్టిన అంతే,
జరమొచ్చిన పోరని నుదురు చూసినట్టు.
కుడిది చల్లగున్నది.
ఎడమది రొట్టెల పెనం.
కాలిన ప్యాడ్ల వాసన గల్లీ మూలదాక.

పర్సులకెల్లి బిల్లు తీసింది మేడం.
మాస్టర్ సిలిండరు కొత్తది, ప్యాడ్లు కొత్తయి,
క్యాలిపర్ రబ్బర్లు రెండుసార్లు మార్చిండ్రు.
కింద చాదర్‌ఘాట్ షాపు ముద్ర.
ఆ ఐదంకె తోక వంకర నాకు ఎరుకే.
బిక్షపతి.
తొమ్మిదేండ్లు నా దగ్గర పానాలు కడిగిండు.

జాకీ ఎక్కించినం. చక్రం తిప్పితె తిరుగది.
బ్లీడరు నిప్పలు పావు చుట్టు వదులు చేసిన,
చిర్రున చిమ్మింది ఆయిలు,
చక్రం తనంతట తానే తిరిగింది.
మళ్ల బిగించి, నవీద్‌ను పెడలు తొక్కుమన్న, వదులుమన్న.
మళ్ల పట్టేసింది.
ఈసారి పైకి పోయిన,
ఇనుప పైపు రబ్బరు గొట్టంతోని కలిసేకాడ విప్పిన.
నాలుగు చుక్కలు కారినయి.
చక్రం కదలలే.

అంటె పైన ఒత్తిడి లేదు, కింద ఉన్నది.
నడుమ జానెడు గొట్టం.

"మంచిగనే ఉన్నది కద ఉస్తాద్,
పగుళ్లు గూడ లేవు" అన్నడు నవీద్.
నల్లగ, నునుపుగ, నిన్న కొన్నట్టే ఉన్నది.
రంపం బ్లేడుతోని అడ్డంగ కోసి
బల్బుకు పెట్టి చూపిచ్చిన.
లోపల రబ్బరు వాచి వాచి
సూది బెజ్జమంత మిగిలింది దారి.
"కాలు బలానికి ఆయిలు పోతది రా.
తిరిగొచ్చేటందుకు దానికి కాలు లేదు."

ఈ మాట నాది గాదు.
రహమతుల్లా ఉస్తాద్ నాకు చెప్పింది,
ఒక ఫియట్ కింద, ఇద్దరం బోర్ల పండుకోని.
బిక్షపతికి నేను చెప్పలే.
వేరే షాపు పెడతడని అప్పటికే చెవిన పడ్డది.
ఇట్లాంటి బండే ఒకటి వచ్చిన దినం
వాణ్ణి చాయ్ తెమ్మని పంపి
వాడొచ్చేలోపట గొట్టం మార్చిన.
వాడు తెచ్చిన చాయ్ తాగిన గూడ.

రాణీగంజ్‌ల మూడు దుకాణాలు తిరిగితె
నాలుగో దాంట్ల చూడి సరిపోయింది. రెండు తెచ్చిన.
"కుడిది బాగనే ఉన్నది కద?" అన్నది మేడం.
"అది గూడ ఆ ఏడు పుట్టిందే మేడం."
రాగి వాషర్లు పాతయి పారేసి కొత్తయి ఏసిన.
దూరం చక్రంకెల్లి మొదలు,
హార్లిక్స్ సీసల సన్నపైపు ముంచి,
తొక్కు. పట్టు. వదులు.
తొక్కు. పట్టు.
సాసర్ల మిగిలిన చాయ్ రంగుల వచ్చింది ముందు,
ఎన్కకెల్లి బుడగలు,
బుడగలు తక్కువైనయి,
ఆఖరుకు సీస అడుగు అవుపడ్డది.
ఒక చుక్క రేగుపండు రంగు మీద పడితె
బకిట్లున్న నీళ్లన్నీ దాని మీదనే గుమ్మరిచ్చిన.

తెల్లారగట్ల ట్యాంక్‌బండ్ మీద మేడమే నడిపింది.
జోరు మీద బ్రేకు కొట్టి
స్టీరింగు మీదికెల్లి రెండు చేతులు తీసింది.
నా పాణం పోయింది.
బండి గీత గీసినట్టు ఆగింది.
దిగి మోకాళ్ల మీద కూసోని చెయ్యి పెట్టిన,
ఈ చక్రం, ఆ చక్రం,
రెండూ ఒక్క తీరు గోరువెచ్చగ.

షాపు తీసినంక
కోసిన గొట్టం పేపర్ల చుట్టి నవీద్‌కు ఇచ్చిన.
"చాదర్‌ఘాట్ పో. బిక్షపతికి ఇయ్యి."
"ఏం చెప్పాలె ఉస్తాద్?"
"ఏం చెప్పకు. లైటుకు పెట్టి చూడమను."

చాదర్‌ఘాట్ ఎంత దూరమని?
పగటీలి తిండ్లు గూడ అయినయి.
నవీద్ ఇంకా రాలే.